విశాఖ డాబాగార్డెన్స్ పాత క్యాసెట్ల షాపు: మా నాన్నగారి మచ్చని మచ్చలాగే ఉంచారు

ముందే చెప్పేస్తున్నా, పాత ఫోటోలు, క్యాసెట్లు బాగుచేయించే పని రెండ్రోజుల్లో అయిపోవాలి అనుకునేవాళ్ళు ఈ షాపుకి వెళ్ళకండి. మాకు పది రోజులని చెప్పి ఇరవై మూడు రోజులు చేశారు. ఫోన్ మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు. షాపు మొదటి అంతస్తులో, మెట్లు నిచ్చెనలా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైకి ఎక్కించడం అయ్యే పని కాదు. అయినా అయిదు స్టార్లూ ఇస్తున్నాను. ఎందుకిచ్చానో తెలియాలంటే మా నాన్నగారి గురించి కొంచెం చెప్పాలి, ఓపికుంటే చదవండి.

నాన్నగారు పోయి ఏడాది దాటింది. 78 ఏళ్ళు. షిప్‌యార్డులో వెల్డర్. 1966లో, ఊరంతా ఉక్కు ఉద్యమంతో అట్టుడికిన సంవత్సరం అప్రెంటిస్‌గా చేరి 2004లో రిటైరయ్యారు. మా ఇల్లు మల్కాపురం. 1948లో జల ఉష ఓడని నీళ్ళలోకి దింపడానికి నెహ్రూ వచ్చినప్పుడు మా తాతయ్య రెండేళ్ళ నాన్నని భుజాన ఎక్కించుకుని వెళ్ళారట. నాన్నగారు ఆ రోజు సంగతంతా తను కళ్ళారా చూసినట్టే చెప్పేవారు. రెండేళ్ళ పిల్లాడికి ఏం గుర్తుంటుంది నాన్నా అంటే మాత్రం ఆ పూట మాతో మాట్లాడేవారు కాదు.

ఆయన ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని మచ్చ ఒకటి ఉండేది, చిక్కుడు గింజంత. వెల్డింగ్ చేశాక అతుకు మీద పెంకులా స్లాగ్ కడుతుంది కదా, దాన్ని సుత్తితో కొట్టి రాల్చేటప్పుడు కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకున్నారట, వేడి పెంకు ఎగిరి అక్కడ అంటుకుంది. ఒక్క అంగుళం కిందకి పడి ఉంటే కన్నే పోయేది. పెళ్ళయిన మూడో నెలలో జరిగింది. అప్పట్నుంచి డ్యూటీకి బయల్దేరే ముందు అమ్మ ఆ మచ్చ మీద వేలు పెట్టి "అద్దాలు" అనేది, ఆయన "సరేలే" అనేవారు. రిటైరయ్యే రోజు దాకా అదే మాట.

సంవత్సరీకానికి గోడకి పెద్ద ఫోటో పెట్టాలి అనుకుంటే మంచిది ఒక్కటీ దొరకలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలికి మా వెనక గది రేకులు లేచిపోయాయి, ఆల్బమ్‌లన్నీ ఆ గదిలో ఉన్న ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. అప్పుడు కరెంటు, నీళ్ళు, పాలు, అన్నిటికీ అవస్థే, ఆల్బమ్‌ల సంగతి ఎవరికి పట్టింది? తీరిగ్గా తెరిచేసరికి సగం ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మిగిలిన వాటిలో ముఖం తిన్నగా కనబడేది 1985లో స్టూడియోలో తీయించుకున్నది ఒక్కటే, అది కూడా ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయింది.

దాన్ని మొదట వేరే షాపుకి ఇచ్చాను, పేరు చెప్పను. ఏసీ, పెద్ద స్క్రీన్లు, కాఫీ కూడా ఇచ్చారు, మర్నాడు సాయంత్రానికల్లా ఫోటో చేతిలో పెట్టారు. అద్దం మీంచి లాగేటప్పుడు చొక్కా దగ్గర రంగు లేచిపోయినా కంప్యూటర్‌లో అతికించేశారు. ముఖం తెల్లగా, నున్నగా, ఒక్క ముడత లేకుండా. కనుబొమ్మ నిండుగా. మా అబ్బాయి చూసి "సీరియల్లో హీరో తండ్రిలా ఉన్నారు తాతయ్య" అన్నాడు. అమ్మ మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోటోని పక్కకి తిప్పి పెట్టేసి, "సింహాద్రి అప్పన్న కూడా ఏడాదికోసారి చందనం తీసి నిజరూపం చూపిస్తాడే, ఈయన మొహానికి ఈ పూతేటి?" అంది.

ఆ మాట విన్నాక ఆ ఫోటో గోడకెక్కదని అర్థమైంది. మచ్చ పెట్టించమని తీసుకెళ్తే అక్కడి కుర్రాడు "డార్క్ స్పాట్ యాడ్ చేయమంటారా మేడం?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తప్పు పట్టను. కానీ వచ్చేశాను.

డాబాగార్డెన్స్ షాపు సంగతి మా ఆడపడుచు చెప్పింది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది, కింద టీ బండి దగ్గర "క్యాసెట్ల మాస్టారు" అని అడిగితే చూపిస్తారు. అరవై దాటిన మనిషి, సహాయానికి ఒక్క కుర్రాడు. గోడ నిండా పాత టేప్ రికార్డర్లు, వీసీఆర్‌లు, వాటి విడిభాగాలు. లాగగా మిగిలిన ఫోటో, మొదటి షాపు వాళ్ళు లాగకముందు నా ఫోన్‌తో తీసుకున్న బొమ్మ, రెండూ చూపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మచ్చ ఫోటోదా, మనిషిదా అమ్మా?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదండీ. మనిషిదే అన్నాను. "అయితే దాని జోలికి వెళ్ళం" అన్నారు.

తర్వాత ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి కాబట్టి రాస్తున్నా. అద్దానికి అంటుకున్న ఫోటోని లాగకూడదు. ఫోటో పై పొర తడిస్తే జిగురులా మారి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో పాటే తీసుకొస్తే రెండు పక్కల నుంచీ ఏటవాలుగా లైట్లు పెట్టి, అద్దంలో మెరుపు రాకుండా, పైనుంచి కెమెరాతో తీస్తారు. మాది అప్పటికే లాగేసిన కేసు, అందుకే చొక్కా కాలర్ బాగుచేయడానికి ఎక్కువ రోజులు పట్టింది. ముఖంలో బూజు చుక్కలు మాత్రమే తీశారు. ముడతలు, మచ్చ, నవ్వితే ఒక వైపుకే లేచే పెదవి, అన్నీ అలాగే ఉన్నాయి. ప్రింటుతో కలిపి 900, ఫ్రేమ్ వేరే. ఫ్రేమ్ వాళ్ళ దగ్గర కట్టించకండి, నాసిరకం, మాకు మూల అప్పుడే విడిపోయింది.

ఇక క్యాసెట్. మా బాబాయి 80ల్లో కువైట్‌లో ఉండేవాడు. ఉత్తరాలు రాయడం నాన్నగారికి బద్ధకం, అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. వాటిలో 1986 నాటిది ఒకటి బాబాయి దాచిపెట్టి ఇన్నాళ్ళకి తెచ్చిచ్చాడు. ఇంట్లో పాత టేప్ రికార్డర్ ఉంది కదా అని పెట్టబోయాను, పెట్టకపోవడమే మంచిదైంది. మన సముద్రపు గాలికి టేపు అంచున తెల్లగా బూజు పడుతుంది, అలాగే తిప్పితే చుట్టుకుని తెగిపోతుందట. లోపల టేపుని హెడ్‌కి ఆనించే చిన్న బట్టముక్క కూడా ఊడిపోయి ఉంది. మాస్టారు టేపుని వేరే డబ్బాలోకి మార్చి, తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అరవై నిమిషాల క్యాసెట్ ఎక్కడానికి అరవై నిమిషాలూ పడుతుంది, దానికి అడ్డదారి లేదు. క్యాసెట్‌కి 400.

తీసుకోవడానికి వెళ్ళినప్పుడు కుర్రాడిని టీకి పంపించి, గొంతు తగ్గించి అన్నారు. "అమ్మా, ఎక్కించేటప్పుడు సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి వినక తప్పదు, ఏమీ అనుకోకండి. మీ అమ్మగారి ముందు పెట్టే ముందు ఒకసారి మీరు వినండి. పన్నెండో నిమిషం దగ్గర ఒక మాట ఉంది. వద్దంటే కోసేస్తాను."

అక్కడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. "ఏరా తమ్ముడూ, బాగున్నావా" అని మొదలు. ఎండు మెత్తళ్ళు పంపమన్నావు, వాసనకి ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని మీ వదిన భయపడుతోంది. కోనాం చేప ధర అలా పెరిగింది, కవళ్ళతోనే కాలక్షేపం. అన్నీ అలాంటివే. వెనకాల కుక్కర్ కూతలు, "ఏవండీ, నీళ్ళు తోడాను" అని అమ్మ గొంతు. పన్నెండో నిమిషంలో గుసగుసగా, మైకు దగ్గరకి వచ్చి, "మన పెద్ద గుంట క్వార్టర్లీలో లెక్కలు తప్పిందిరా. కార్డు మీద నేనే సంతకం పెట్టేసాను. మీ వదినకి చెప్పలేదు, నువ్వు మళ్ళీ ఉత్తరంలో రాసీగలవు."

ఆ పెద్ద గుంటని నేనే. కోయొద్దన్నాను. వెనక శబ్దాలన్నీ తీసేసిన కాపీ ఒకటి కూడా ఇచ్చారు, అందులో నాన్నగారు రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టున్నారు, మేమెవరం వినడం లేదు. అన్నట్టు పెన్‌డ్రైవ్ మీరే తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గర కొంటే రేటు ఎక్కువ.

మా అబ్బాయికి మాత్రం ఈ గొంతు కొత్త. వాడికి తెలిసిన తాతయ్య నెమ్మదిగా మాట్లాడే ముసలాయన. ఆదివారాలు వాడిని బీచ్‌రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళేవారు, ఎన్నిసార్లో లెక్కలేదు. మిగతా జనం టార్పెడోలు చూస్తుంటే ఈయన రేకుల అతుకులు వేలితో తడుముతూ "రష్యావోడి చెయ్యి మంచిదిరా" అని మార్కులేసేవారు. అక్కడి గైడ్‌కి కూడా ఆ తడమడం అలవాటైపోయింది. 40 ఏళ్ళ కిందటి గొంతు విని వాడు "తాతయ్య ఇంత స్పీడుగా మాట్లాడేవారా?" అని మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాడు.

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక, బంధువులు వెళ్ళిపోయాక, ఇంటివాళ్ళం మాత్రం ఉన్నప్పుడు పెట్టాం. కొత్త ఫోటో గోడకుంది. అమ్మ అప్పటికే ఒకసారి కుర్చీ లాక్కుని కనుబొమ్మ దగ్గర వేలు పెట్టి చూసుకుంది. క్యాసెట్ మొదలైనప్పుడు నేను పన్నెండో నిమిషం కోసం టెన్షన్‌గా చూస్తున్నాను, 51 ఏళ్ళ మనిషిని. ఆ మాట వచ్చింది. బాబాయి నవ్వు ఆపుకోలేక బయటకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆపమని సైగ చేసి నా వైపు తిరిగింది.

"ఎన్నొచ్చాయే?"

"ఇరవై రెండు."

"వందకా?"

అవునన్నాను. అమ్మ ఫోటో వైపు ఒకసారి చూసి, "పెట్టు, మిగతాది విందాం" అంది.

షాపు పొద్దున్న పదకొండుకి గానీ తెరవరు, ఆదివారం సెలవు. బండి పెట్టడానికి చోటుండదు, జగదాంబ సెంటర్ దగ్గర పెట్టుకుని నడిచి వెళ్ళడం మేలు.