గుడ్డ తొడిగిన పాత డబ్బాల కుండీలు: చెన్నై బాల్కనీలో కొన్నేళ్ల వాడకం తర్వాత

పాత డబ్బాలకు గుడ్డముక్కలు చుట్టి కుండీలు చేసుకోవాలనుకునేవారికి నేను ముందుగా చెప్పదలచినది ఒక్కటే: గుడ్డను డబ్బాకు అంటించకండి, తొడగండి. చెన్నైలో మడిపాక్కంలోని మా ఇంటి పడమటి బాల్కనీలో జిగురుతో అంటించినవి, సిమెంటులో ముంచినవి, తొడుగు కుట్టి వేసినవి కొన్నేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. అన్నిటికీ అదే ఎండ, అదే ఉప్పు నీరు కాబట్టి ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెప్పడం కష్టం కాదు.

అంటించే పద్ధతి అందరికీ తెలిసినదే. డబ్బాకు తెల్ల జిగురు పూసి, గుడ్డను ముడతలు లేకుండా పరిచి, ఆరిన తర్వాత అదే జిగురును నీళ్లతో పలచన చేసి పైన మరో పూత వేస్తారు. చేసిన రోజున దీనంత నాజూకైన కుండీ మరొకటి ఉండదు. అయితే చెక్కపనికి వాడే మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పైగా కుండీ అడుగున కారిన నీళ్లు పళ్లెంలో నిలిచినప్పుడు, నూలుగుడ్డ అంచు వాటిని పైకి పీల్చుకుంటుంది. ఆ నీరు ఆవిరై పోతుంది గానీ అందులోని ఉప్పు గుడ్డలోనే మిగులుతుంది. మా బోరు నీళ్లతో తడిసిన కలంకారీ డబ్బాకు అడుగునుంచి రెండు వేళ్ల ఎత్తున తెల్లటి చార, దాని పైన నల్లటి బూజు చుక్కలు, ఆ పైన మాత్రం చెక్కుచెదరని నెమలి కనిపించేవి. వార్నిషు పూస్తే ఈ పతనం కొంత ఆలస్యమవుతుందే తప్ప ఆగదు, ఎందుకంటే తడి వచ్చేది ముందువైపు నుంచి కాదు, కత్తిరించిన అంచు నుంచి. ఇంటి లోపల, నర్సరీవారు ఇచ్చిన చిన్న నల్లకుండీని మొక్కతో సహా లోపల దించి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసేటట్లయితే మాత్రం ఈ పద్ధతిని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

సిమెంటు కుండీల సంగతి వేరు. పాత టర్కీ తువ్వాలును సిమెంటు పాలలో ముంచి, బోర్లించిన బకెట్ మీద ప్లాస్టిక్ కవరు పరిచి దానిపై వేస్తే, తువ్వాలు అంచులు చీర కుచ్చిళ్లలా జారి ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. సిమెంటు పాలు దోసెపిండికన్నా పలచగా ఉండకూడదు; పలచగా ఉంటే గుడ్డ నేత బయటపడుతుంది, మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. పలుచని చీర ముక్కలూ, పాలియెస్టరూ దీనికి పనికిరావు, నూగు ఉన్న మందపాటి నూలుగుడ్డే సిమెంటును పట్టి ఉంచుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి, తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మర్నాటికి గట్టిపడింది కదా అని వెంటనే మట్టి నింపకూడదు. కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి, ఆ తర్వాత నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను కొన్నిసార్లు మార్చాలి. కొత్త సిమెంటులోని క్షారం నీటిలోకి దిగుతుంది, అది మట్టిలో కలిస్తే ఆకులు పసుపెక్కుతాయి. అడుగున చిల్లి కోసం సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే ఒక పైపుముక్క గుచ్చి ఉంచడం మేలు.

ఇంత శ్రమకూ ఫలితం ఉంది. 2023 డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటకముందు మిచాంగ్ తుపాను చెన్నైని ముంచెత్తినప్పుడు, మా బాల్కనీలో తేలికపాటి డబ్బాలన్నీ దొర్లి ఒక మూలకు చేరాయి, సిమెంటు కుండీలు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. కానీ ఆ బరువే వీటి లోపం కూడా. ఇల్లు ఊడ్చేటప్పుడు జరపడానికి ఇద్దరు కావాలి, అద్దె ఇల్లు మారేవారికి నేను వీటిని సిఫారసు చేయను.

ఇక తొడుగుల విషయం. డబ్బా చుట్టుకొలతకు ఒక అంగుళం కలిపి గుడ్డను గొట్టంలా కుట్టి, పై అంచు మడిచి కుట్టి, పిన్నీసుతో లంగా బొందు ఎక్కిస్తే తొడుగు పూర్తవుతుంది. అడుగు కుట్టనక్కరలేదు. కింది అంచు పళ్లేనికి ఒకటిన్నర అంగుళం ఎత్తులో ఆగిపోవాలి. గుడ్డకూ నీటికీ మధ్య ఈ ఖాళీ లేకపోతే అంటించిన కుండీకి పట్టిన గతే దీనికీ పడుతుంది. మా పిన్ని వచ్చినప్పుడు, "కుండీలక్కూడా జాకెట్లు కుడుతున్నావటే?" అని నవ్వింది గానీ, వెళ్లేటప్పుడు రెండు అడిగి తీసుకుపోయింది.

ఈ తొడుగు అలంకారానికే కాదని నాకు తర్వాత తెలిసింది. ఐస్‌క్రీము డబ్బాల వంటి పలుచని ప్లాస్టిక్ ఎండకు పెళుసైపోతుంది. తొడుగు లేకుండా ఉంచిన డబ్బాను ఒక వేసవి తర్వాత అంచు పట్టుకుని ఎత్తితే అంచు చేతిలోకి వచ్చింది, డబ్బా నేలమీదే ఉంది. పక్కనే తొడుగు వేసినది, దానితోపాటు వచ్చిన డబ్బాయే, ఇప్పటికీ మొక్కను మోస్తోంది. అగ్నినక్షత్రం రోజుల్లో, అంటే మే నెలలో ఎండలు మండిపోయే రోజుల్లో, పడమటి ఎండ నేరుగా డబ్బాను తాకకుండా గుడ్డ అడ్డుపడుతుంది, గుడ్డకూ డబ్బాకూ మధ్య కొంచెం వదులు ఉంచితే మట్టి మరీ వేడెక్కదు. రేకు డబ్బాల విషయంలో ఈ తేడా చేతితో ముట్టుకుంటేనే తెలుస్తుంది.

గుడ్డ ఎంపికలో అందం కన్నా పీచును చూడాలి. జాకెట్ల లైనింగు నూలు తడిపొడి వాతావరణంలో త్వరగా బూజుపట్టి చిరుగుతుంది. పాత జీన్సు గట్టిదే, కానీ ఒకసారి తడిస్తే ఆరదు. కర్టెన్ల పాలియెస్టరు ముక్కలు అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచాయి. రంగు వెలిసినా బట్ట చెడలేదు. ముదురు ఎరుపు, నీలం తొలి వానకే కారి గచ్చుమీద మరకలు చేస్తాయి కాబట్టి వాటిని ముందుగా ఉప్పునీళ్లలో ఉతికి చూసుకోవాలి. పాడైన గొడుగు గుడ్డను లోపలివైపు వేసి కుట్టడం నేను చేసిన మార్పులన్నిటిలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చింది. ఇంటి దగ్గరి దర్జీని అడిగితే సంచెడు ముక్కలు ఊరికే ఇస్తాడు; వీటికోసం జార్జిటౌనులోని గోడౌన్ స్ట్రీటుకు వెళ్లి కట్‌పీసులు కొనుక్కొస్తే, ఇక ఇందులో పొదుపూ లేదు, పునర్వినియోగమూ లేదు. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే అక్టోబరు రాగానే తొడుగులన్నీ విప్పి, ఉతికి, దాచేసి, పొంగల్ తర్వాత మళ్లీ వేస్తాను.

డబ్బాల్లో అయిదు లీటర్ల మందపాటి నూనె క్యానులు ఉత్తమం, అడుగున 2 అంకె ముద్ర (హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌కు గుర్తు) ఉన్నవి మరీ మంచివి. పెయింటు బకెట్లను పూలమొక్కలకే వాడతాను, పుదీనా, కొత్తిమీరలకు వాడను. చిల్లులు ఎర్రగా కాల్చిన మేకుతో పెట్టేవారు ఆ పొగ పీల్చకుండా ఆరుబయట చేయాలి, చేతి డ్రిల్లు ఉంటే ఆ బాధే లేదు.

సీసాను సగానికి కోసి, పైసగాన్ని బోర్లించి, మూతి గుండా గుడ్డ వత్తిని కింది నీటిలోకి వదిలే ఏర్పాటునూ చాలాకాలం వాడాను. ఊరికి వెళ్లినప్పుడు మనీప్లాంటుకు ఇది బాగా పనిచేస్తుంది, అయితే నూలు వత్తి కుళ్లి నీరెక్కించడం మానేస్తుంది, పాత స్వెట్టరు నుంచి తీసిన ఊలుదారమే మన్నింది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా నిలిచిన శుభ్రమైన నీటిలోనే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుచేత రెండు సగాల మధ్య సందును గుడ్డముక్కతో బిగించి, వారం తిరగకముందే నీరు పారబోసి, లోపలి గోడలు రుద్ది కడగాలి. వానాకాలంలో తనిఖీకి వచ్చే కార్పొరేషన్ సిబ్బంది కుండీల కింది పళ్లేలను కూడా వంగి చూస్తారు కాబట్టి, ఆ నెలల్లో నేను పళ్లేలు తీసేసి డబ్బాలను ఇటుకల మీద నిలబెడుతున్నాను.