ఆర్చెస్ 300 జీఎస్‌ఎం: పల్లె మంచుకి సరిపోయిన కాగితం

నీటిరంగుల్లో పాతకాలపు పల్లెను వేసేవాళ్లకి సగం పని పొగమంచుతోనే. దూరపు చెట్లు ఆకాశంలో కరిగిపోవాలి, ముందున్న పూరింటి చూరు మాత్రం తేటగా నిలవాలి. రెండూ ఒకే షీటు మీద కుదరాలంటే కాగితం తొందరపెట్టకూడదు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఆర్చెస్ నీటిరంగుల కాగితంలో కోల్డ్ ప్రెస్‌ని, అంటే ఓ మోస్తరు గరుకుగా ఉండే రకాన్ని, మెచ్చుకోవాల్సింది ఇక్కడే.

ఇది పూర్తిగా పత్తి కాగితం, బరువు 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు. జెలటిన్ సైజింగ్, అంటే జిగురు లాంటి పదార్థం, పట్టించి ఉంటుంది కాబట్టి తడి గబుక్కున ఇంకిపోదు. చెక్కగుజ్జు కాగితం మీద ఆకాశం సగంలో ఉండగానే అంచులు గట్టిపడతాయి. దీనిమీద కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధిని వాడుకోవడం తెలియాలి. ఆకాశం రంగు వేశాక కాగితాన్ని పక్కనుంచి చూడండి. అద్దంలా మెరుస్తుంటే ఆగండి, అప్పుడు పెట్టిన చెట్టు పాకిపోతుంది. మెరుపు తగ్గి పట్టుగుడ్డ నిగారింపు మిగిలినప్పుడు అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియన్నా గోధుమరంగు చిక్కగా కలిపి చెట్ల వరస పెట్టాలి. కుంచెను ముందు గుడ్డకి అద్దడం తప్పనిసరి. కాగితం కంటే కుంచె తడిగా ఉంటే ఆ నీరు రంగును బయటికి నెట్టి, కాలీఫ్లవర్ లాంటి మచ్చ మిగులుస్తుంది. ఆరాక రంగు పాలిపోతుంది గనుక కావలసినదానికంటే ఓ పిసరు ముదురుగా వేయండి.

మట్టిబాట దగ్గర దీని గరుకు భలే ఉపయోగం. ఆరిన కాగితం మీద, నీరు తక్కువగా ఉన్న కుంచెను పడుకోబెట్టి లాగితే మిట్టలకే రంగు అంటుతుంది, పల్లాల్లో తెలుపు మిగులుతుంది. గులకరాళ్లు ఒక్కొక్కటీ గీయనక్కర్లేదు. ఆ తెలుపు కూడా కొంచెం మీగడ ఛాయలో ఉండటం సాయంత్రపు వెలుగుకి బాగా నప్పుతుంది. చలికాలపు ఉదయానికైతే బ్రైట్ వైట్ రకం తీసుకోవాలి.

లోటు లేకపోలేదు. విడి షీటుగా వాడితే 300 జీఎస్‌ఎం కూడా ఎక్కువ నీటికి అలలు తేలుతుంది. రంగు పల్లాల్లో చేరి ఆకాశంలో చారలు పడతాయి. చన్నీళ్లలో కొద్ది నిమిషాలు నానబెట్టి, గమ్ టేపుతో చెక్క మీద అంటించి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. వేడినీళ్లు వద్దు, జెలటిన్ కరిగిపోతుంది. ఈ శ్రమ వద్దనుకుంటే ఇంకా మందంగా ఉండే 640 జీఎస్‌ఎం ఉంది. అంచులు అతికించిన షీట్ల కట్ట, అంటే బ్లాకు, కొంటే మాత్రం బొమ్మ పూర్తిగా ఆరాకే షీటును విడదీయండి.

తెలుపు మిగలాల్సిన చోట రంగు అంటకుండా పూసే మాస్కింగ్ ద్రవం పూర్తిగా ఆరిన కాగితం మీదే రాయాలి, త్వరగా తీసేయాలి. దానిమీద హెయిర్ డ్రయ్యర్ పెడితే అతుక్కుపోయి, తీసేటప్పుడు పైపొర లేచిపోవచ్చు.

షీట్లను చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో దాచండి. సైజింగ్ పాడైన కాగితం పైకి బాగానే కనిపిస్తుంది, వాష్ (పలచటి రంగు పూత) వేశాకే ముదురు చుక్కలు తేలతాయి. అందుకే చాలాకాలం నిల్వ ఉన్న షీటైతే ముందు ఓ మూల పలచటి రంగు పూసి చూడండి.