క్వార్టర్‌బ్యాక్‌కి ఏది మేలు: చేతి బలమా, ముందే పసిగట్టడమా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని రిసీవర్లకు, అంటే పరిగెత్తుకెళ్లి దాన్ని పట్టుకునే తన జట్టువాళ్లకు, విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. ఆ ఆట పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో ఎంపిక ఒక్కో పిక్. 2007 డ్రాఫ్ట్‌లో ఓక్లాండ్ రెయిడర్స్ జట్టు మొట్టమొదటి పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రస్సెల్‌ని తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని కూడా బంతిని అరవై గజాలు విసురుతాడని అతని గురించి అప్పట్లో కథలుగా చెప్పుకునేవారు. మూడు సీజన్లలో 18 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేసి, 23 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు. 2010 మే నెలలో జట్టు వదిలించుకుంది. రస్సెల్‌ని తీసుకోవడానికి ఏడేళ్ల ముందు, 2000 డ్రాఫ్ట్‌లో, మిషిగన్ నుంచి వచ్చిన ఓ బక్కపల్చటి కుర్రాడి చెయ్యి అంత గట్టిది కాదని స్కౌట్లు (ఆటగాళ్లని వెతికి అంచనా కట్టేవాళ్లు) రాసుకున్నారు. 199వ పిక్ దాకా అతణ్ణి ఎవరూ తీసుకోలేదు. ఆ టామ్ బ్రేడీయే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని ఏడు సార్లు గెలిచాడు.

ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, చేతి బలం ఎందుకూ పనికిరాదని తేల్చేసేవాళ్లున్నారు. నేను అలా అనను. రస్సెల్ ఆట చెడింది చెయ్యి గట్టిగా ఉన్నందువల్ల కాదు కదా! కాకపోతే చేతి బలం, త్వరగా వదలడం (రిలీజ్), ముందే పసిగట్టడం, ఈ మూడింట్లో ఒకటే ఎంచుకోవాలంటే నా ఓటు పసిగట్టడానికే. రెండోది రిలీజ్, మూడోది చేతి బలం. ఈ వరుస తల్లకిందులయ్యే చోటు కూడా ఒకటుంది, దాని సంగతి తర్వాత.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. త్వరగా విసరడం, ముందే పసిగట్టడం ఒకటే అన్నట్టు మాట్లాడతారు. కాదు. రిలీజ్ అంటే విసరాలని మనసు నిర్ణయించుకున్నాక బంతి చేతిని వదలడానికి పట్టే సమయం. అది భుజం, మోచెయ్యి, మణికట్టు చేసే పని. పసిగట్టడం అంటే రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే, ఎక్కడ తిరుగుతాడో, అక్కడ ఖాళీ ఉంటుందో లేదో తెలుసుకుని విసరడం. ఇది కన్ను, బుర్ర, ప్రాక్టీస్ కలిసి చేసే పని.

చిన్న లెక్క వేసి చూద్దాం. గట్టి చెయ్యి ఉన్నవాడు గంటకు 60 మైళ్ల వేగంతో, మామూలు చెయ్యి ఉన్నవాడు 50 మైళ్ల వేగంతో విసిరారనుకోండి. గాలిలో బంతి నెమ్మదించడాన్ని పక్కన పెడితే, 20 గజాల పాస్‌కి మొదటివాడి బంతి 0.68 సెకన్లలో, రెండోవాడిది 0.82 సెకన్లలో చేరుతుంది. తేడా 0.14 సెకను. సెకనుకు తొమ్మిది గజాలు పరిగెత్తే డిఫెండర్ (అడ్డుకునే ఎదుటి ఆటగాడు) ఆ సమయంలో గజం పైచిలుకు ముందుకొస్తాడు. గజం చిన్నదేం కాదు, బంతిని తట్టెయ్యడానికి చాలు. కానీ రిసీవర్ తిరిగేదాకా ఆగకుండా అరసెకను ముందే విసిరితే డిఫెండర్ చేతిలోంచి నాలుగు గజాలు పైనే లాక్కున్నట్టు. చెయ్యి ఎంత గట్టిదైనా 20 గజాల పాస్‌లో అంత లాభం ఇవ్వలేదు.

రిలీజ్ వల్ల వచ్చేది కూడా ఆ పదో వంతు సెకన్లే. అయితే దానికి ఇంకో లాభం ఉంది, లెక్కల్లో సరిగా కనబడదు: క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టాలని మీదికి దూసుకొచ్చే డిఫెన్సివ్ ఎండ్ నుంచి తప్పించడం. మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో పరుగు వీరుడేం కాదు, కాళ్లు భారంగానే కదిలేవి. అయినా 1988 సీజన్‌లో 606 పాస్‌లు విసిరి ఆరంటే ఆరు సార్లే శాక్ అయ్యాడు, అంటే బంతి వదలకముందే ఎదుటివాళ్లకి చిక్కి పడిపోయాడు. చెవి పక్క నుంచి బంతి అలా ఎగిరిపోయేది. ఎదుటివాడు చెయ్యి చాపేసరికి ఆట అయిపోయేది. దీనికి పూర్తిగా ఎదురు టిమ్ టీబో. కాలేజీ ఆటలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, 2010లో డెన్వర్ జట్టు మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. కానీ విసిరే ముందు బంతిని నడుము దాకా దించి, వెనక్కి తిప్పి, అప్పుడు వదిలేవాడు. ఆ లోపు డిఫెండర్‌కి బంతి ఎటు పోతుందో చదువుకునే తీరిక దొరికేది. చేతి బలం ఇచ్చిన లాభమంతా ఆ చుట్టులోనే పోయేది.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్కిల్‌లో ఉన్న ఫీల్డర్ రనౌట్ చెయ్యాలంటే బంతిని ఎంత త్వరగా తీసి వదిలాడన్నదే ముఖ్యం. బౌండరీ దగ్గరున్నవాడికి మాత్రం భుజం కావాల్సిందే.

ఇక్కడ నాకు పేటన్ మానింగ్ గుర్తొస్తాడు. రెండు వేర్వేరు ఆటగాళ్లని పోల్చితే జట్టు వేరు, కోచ్ వేరు అని వాదన వస్తుంది. మానింగ్ విషయంలో మనిషి ఒకడే, బుర్ర ఒకటే, మారింది చెయ్యి. మెడ ఆపరేషన్ల వల్ల 2011 సీజన్ మొత్తం ఆడలేదు. తిరిగి వచ్చేసరికి కుడి చేతిలో పాత పట్టు లేదు. విసిరే చేతికే గ్లవ్ వేసుకోవాల్సి వచ్చింది. బంతి గాలిలో వణుకుతూ పోతుంటే జనం నవ్వుకున్నారు. ఆ వణికే బంతులతోనే 2013లో డెన్వర్ తరఫున 5,477 గజాలు, 55 టచ్‌డౌన్లు సాధించాడు. రెండూ లీగ్ రికార్డులే. అప్పటికి వయసు 37. స్నాప్‌కి (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికొచ్చి ఆట మొదలయ్యే క్షణానికి) ముందే డిఫెన్స్‌ని చదివేసి, అక్కడికక్కడే ఆట మార్చి, రిసీవర్ చేరబోయే చోటికి బంతి పంపేవాడు.

ఇంకో రెండేళ్లు గడిచాక, 2015లో, అదే మానింగ్ 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. పాదం నొప్పి కూడా ఉంది, నిజమే. కానీ ఎక్కడికి విసరాలో అతనికి తెలియక కాదు. తెలిసిన చోటికి బంతి సమయానికి చేరడం లేదు. ఆ ఏడాది డెన్వర్ సూపర్ బౌల్ గెలిచింది, డిఫెన్స్ పుణ్యాన. అంటే చేతి బలానికి ఒక కనీస హద్దు ఉంది. దాని కిందకి పడిపోతే ఎంత తెలివీ కాపాడలేదు. ఆ హద్దు దాటాక మాత్రం ప్రతి అదనపు మైలు విలువా తగ్గుతూ పోతుంది.

హద్దు ఎక్కడ తెలుస్తుందంటే, అవతలి సైడ్‌లైన్ వైపు వేసే 15 గజాల అవుట్ రూట్‌లో, అంటే రిసీవర్ 15 గజాలు ముందుకెళ్లి పక్కగీత వైపు మలుపు తిరిగే పరుగులో. పేరుకి 15 గజాలే. వెనక్కి వేసిన అడుగులు, అడ్డంగా మైదానం వెడల్పు కలిపితే బంతి గాలిలో 35 గజాలు వెళ్లాలి. మెల్లగా వెళ్లిందా, రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ దాన్ని పట్టుకుని అటునుంచి అటే స్కోరు గీత దాటి ఎండ్‌జోన్‌కి పరిగెడతాడు. మ్యాచ్‌లో ఎన్ని డౌన్లు (ప్రయత్నాలు) ఆడినా ఇలాంటి పాస్‌లు కొన్నే ఉంటాయి. కానీ క్వార్టర్‌బ్యాక్ వాటిని వెయ్యలేడని డిఫెన్స్‌కి తెలిస్తే, ఆ భాగం వదిలేసి మిగతా చోట్ల గుమిగూడుతుంది.

చేతి బలం పక్షాన గట్టి సాక్షి జోష్ అలెన్. బఫలో జట్టు 2018లో ఏడో పిక్‌తో తీసుకుంది. మొదటి సీజన్‌లో పూర్తయిన పాస్‌లు 52.8 శాతం. 2020లో 69.2 శాతం. చూశారా, చెయ్యి ఉంటే మిగతాది నేర్పుకోవచ్చు అంటారు స్కౌట్లు. నాకైతే ఇది అటూ ఇటూ పనికొచ్చే సాక్ష్యంలా కనిపిస్తుంది. ఆ రెండేళ్లలో అతని చెయ్యి బలపడలేదు, అది మొదట్నుంచీ ఉన్నదే. పెరిగింది చదవడం, అడుగుల పొందిక, పక్కన స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్. అయితే ప్లాన్ చెదిరి కుడివైపు పరిగెడుతూ, కాళ్లు నిలవకుండానే 40 గజాలు విసరడం బలం లేనివాడి వల్ల కాదు. పసిగట్టడం అనుకున్నట్టు సాగే ఆటలో పనిచేస్తుంది. అనుకున్నది కూలిపోయినప్పుడు ఆదుకునేది చెయ్యే.

అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో మనవాళ్లు ఆదివారం టీవీ ముందు కూర్చున్నప్పుడు కేకలు వినిపించేది యాభై గజాల బాంబుకే. అందులో తప్పు లేదు. కెమెరా బంతి వెంటే తిరుగుతుంది, రిసీవర్లు సగం సేపు తెరలోనే ఉండరు. బంతి చేతిని వదిలినప్పుడు రిసీవర్ ఇంకా ఇటువైపు తిరగలేదన్న సంగతి రీప్లేలో పైనుంచి చూపిస్తే గానీ తెలియదు. డ్రాఫ్ట్‌లోనూ ఇదే తంతు. రాడార్ గన్ మైళ్లు చూపిస్తుంది, పసిగట్టడాన్ని కొలిచే గన్ లేదు.

ఇక వరుస తల్లకిందులయ్యే చోటు: వాతావరణం. డ్రూ బ్రీస్ ఆరడుగుల మనిషి, 2018లో 74.4 శాతం పాస్‌లు పూర్తి చేశాడు. సొంత మైదానం న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్, పైన కప్పు, గాలి గొడవ లేదు. మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా తగొవైలోవా 2023లో 4,624 గజాలతో లీగ్‌లో మొదటివాడు. చకచకా వదిలే చెయ్యి, ముందే చూసే కన్ను రెండూ ఉన్నాయి. 2024 జనవరిలో ప్లేఆఫ్‌కి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో కాన్సాస్ సిటీ వెళ్లి 26-7 తేడాతో ఓడిపోయాడు. చలి ఒక్కటే కారణం కాదు, కాన్సాస్ సిటీ డిఫెన్స్ ఆ ఏడు భీకరంగా ఉంది. అయినా కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ చెయ్యి అలాంటి రోజుల కోసమే అనిపిస్తుంది. గాలి మరీ ఎక్కువైతే కథ ఇంకోలా ఉంటుంది లెండి. 2021 డిసెంబర్ 6న బఫలోలో ఈదురుగాలికి భయపడి న్యూ ఇంగ్లాండ్ జట్టు మ్యాచ్ మొత్తంలో మూడే పాస్‌లు వేసి, బంతిని చేతపట్టుకుని చేసే పరుగుతోనే 14-10తో అలెన్ జట్టుని ఓడించింది.

కాబట్టి నేను మినియాపోలిస్‌కో డెట్రాయిట్‌కో, అంటే కప్పు ఉన్న మైదానానికి, మనిషిని వెతుకుతుంటే రాడార్ గన్ అంకె అడగను. రిసీవర్ తిరగకముందు వదిలిన పాస్‌ల వీడియో అడుగుతాను. బఫలోకో షికాగోకో అయితే, చెయ్యి ఆ కనీస హద్దు కన్నా బాగా పైన ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే వీడియో పెట్టమంటాను.