హెపా ప్యూరిఫయరా, ఫిల్టర్ల పెట్టెనా: గది గాలికి ఏది మేలు?

ఈ ప్రశ్నతో పాటే ఒక అనుమానం కూడా వస్తుంటుంది: "హెపా 99.97 శాతం పడుతుంది కదా, ఫ్యాన్‌కి మెర్వ్ 13 ఫిల్టర్లు అతికించి చేసే కోర్సీ-రోసెంతాల్ పెట్టె దానికి సాటి వస్తుందా?" హెపా అంటే అతి సన్నని రేణువుల్ని పట్టే దట్టమైన ఫిల్టరు, మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత పడుతుందో చెప్పే గ్రేడు. శాతాల్లో సాటి రాదు. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుల్ని హెపా కనీసం 99.97 శాతం ఆపుతుంది. 0.3 నుంచి 1 మైక్రాన్ దాకా ఉండేవాటిలో సగాన్ని ఆపినా మెర్వ్ 13 గ్రేడు దక్కుతుంది. కానీ ఆ శాతం మాస్కుకు ప్రాణం, ఎందుకంటే మాస్కు దాటిన గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గదిలో గాలి అలా కాదు, తిరిగి తిరిగి అదే ఫిల్టరు దగ్గరికి వస్తుంది. అందుకే ఇక్కడ చూడాల్సింది నిమిషానికి ఎంత శుభ్రమైన గాలి వస్తోందన్నది, అంటే సీఏడీఆర్. నిమిషానికి 100 ఘనపుటడుగులు లాగే హెపా యంత్రం దాదాపు 100 ఇస్తుంది. 600 లాగి అందులో 60 శాతమే పట్టే పెట్టె 360 ఇస్తుంది.

అయితే సీఏడీఆర్ కంటే ముందు చూడాల్సింది చప్పుడు. ప్యూరిఫయర్ డబ్బా మీద అచ్చు వేసే సీఏడీఆర్ గరిష్ఠ వేగానిది. ఆ వేగంలో ఎవరూ పడుకోలేరు, ఫోన్ మాట్లాడలేరు, అందుకని తగ్గించేస్తారు. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది 1,680 ఘనపుటడుగులు. గంటకు ఐదుసార్లు గాలి మారినంత ఫలితం కావాలంటే (అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో సూచించిన లక్ష్యం ఇదే) సీఏడీఆర్ 140 ఉండాలి. 150 అని రాసిన యంత్రం నిద్ర వేగంలో 50 ఇస్తే గంటకు రెండుసార్లు కూడా పూర్తి కాదు. కొనేముందు తక్కువ వేగంలో సీఏడీఆర్ ఎంతో అడగండి. చెప్పలేకపోతే రెండింతలు పెద్ద యంత్రం తీసుకుని సగం వేగంలో నడపండి.

పెట్టె నెగ్గేది ఇక్కడే. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొలిస్తే ఫ్యాన్ వేగాన్ని బట్టి 600 నుంచి 850 దాకా ఇచ్చింది. అత్యల్ప వేగంలో కూడా మన గదికి కావలసినదానికి నాలుగు రెట్లు. హాలుకీ, తరగతి గదికీ నా ఓటు పెట్టెకే. చోటు ఎక్కువ తీసుకుంటుంది, పడక పక్కన ఇమడదు. చిన్న పడకగదికి పెద్ద సైజు హెపా యంత్రమే సరి.

పెట్టె పని చేయలేదంటే తప్పు దాదాపు ఎప్పుడూ కట్టడంలోనే ఉంటుంది. 20 అంగుళాల చదరపు ఫ్యాన్, 20×20×2 అంగుళాల ఫిల్టర్లు నాలుగు, అడుగుకి అట్టముక్క, అతుకులకి వెడల్పాటి టేపు కావాలి. ఫిల్టరు మీది బాణం లోపలివైపు చూడాలి. ఫ్యాన్ పైకి ఊదాలి. బాగా వేడెక్కితే కరెంటు ఆపే థర్మల్ ఫ్యూజ్ ఉన్న ఫ్యాన్ తప్ప పాతది వాడొద్దు. చాలామంది మరిచేది ఫ్యాన్ మూలలు. చట్రం చదరం, రెక్కలు గుండ్రం. ఆ నాలుగు మూలల్లోంచి బయటి గాలి ఫిల్టరు దాటకుండానే వెనక్కి లోపలికి జారిపోతుంది. రెక్కల వ్యాసానికి కాస్త తక్కువగా గుండ్రటి రంధ్రం కోసిన అట్టను ఫ్యాన్ మీద అతికించాలి. తర్వాత టిష్యూ పేపరు పేలికను మూలల దగ్గరా అతుకుల వెంబడీ పట్టుకోండి. అట్ట అంచు దగ్గర కాగితం లోపలికి వంగితే అక్కడ ఇంకా సందు ఉంది, టేపు వేయాలి.

మిగతావాటి మీద ఎక్కువ చెప్పేదేం లేదు. గాలికి విద్యుదావేశం ఎక్కించే అయనైజర్లలో కొన్ని ఓజోన్ పుట్టిస్తాయి, వద్దు. కుండీ మొక్కలు గాలి మార్పిడికి దీటు రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి కావాలని 2019 నాటి ఒక సమీక్ష తేల్చింది. పొయ్యి నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌నీ, జనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌నీ హెపా యంత్రం, పెట్టె రెండూ తీయలేవు. పొయ్యికి బయటికి ఊదే చిమ్నీ, మనుషులకి కిటికీ కావాలి.

తెచ్చిందో కట్టిందో ఏదైనా కొలిచి చూడండి. తలుపులు మూసి, కొవ్వొత్తి ఆర్పిన పొగతో పీఎం2.5 (2.5 మైక్రాన్ల లోపు ధూళి) సెన్సర్ అంకెను బాగా పెంచండి. పొగకు ముందున్న అంకెను ప్రతి రీడింగు నుంచీ తీసేసి, మిగిలింది 37 శాతానికి పడిపోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. 60ని ఆ నిమిషాలతో భాగిస్తే గంటకు మార్పిడి వస్తుంది. యంత్రం ఆపి 60 నిమిషాలు, నడిపితే 12 నిమిషాలు పట్టిందనుకోండి. ఐదులోంచి ఒకటి తీస్తే యంత్రం వాటా నాలుగు, పైన చెప్పిన గదికి నిమిషానికి 112 ఘనపుటడుగులు. ఇదే పరీక్ష రెండు నెలలకోసారి చేయండి. మెర్వ్ 13లో పనిచేసేది చాలావరకు పోగులకు ఎక్కించిన విద్యుదావేశం. అది మెల్లగా దిగిపోతుంది, పైకి ఫిల్టరు ఇంకా తెల్లగానే కనిపిస్తుంది. యంత్రం వాటా మూడో వంతు తగ్గిన రోజున ఫిల్టర్లు మార్చండి, రంగు చూసి కాదు.