మా హాస్పిటల్‌లో ఎన్‌ఏబీహెచ్ ట్రైనింగ్ ఇచ్చిన వాళ్ళ గురించి (బెంగళూరు)

మాది అనంతపురం, ఇక్కడ బెంగళూరులో మారతహళ్ళి దగ్గర 80 పడకల హాస్పిటల్లో నర్సింగ్ ఇన్‌ఛార్జ్‌గా చేస్తున్నా. ఈ మధ్యే మాకు ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటల్స్ క్వాలిటీ చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) అసెస్‌మెంట్ అయింది. దానికి స్టాఫ్‌ని రెడీ చేయడానికి ఒకరి తర్వాత ఒకరు రెండు టీమ్‌లు వచ్చారు, మొదటి వాళ్ళతో ఆరు నెలలు దండగ అయ్యాయి, రెండో వాళ్ళు మాత్రం నిజంగా పని నేర్పించారు. పేర్లు రాయట్లేదు, కానీ మాలాంటి చిన్న హాస్పిటల్స్ వాళ్ళు ట్రైనింగ్‌కి ఎవర్నైనా మాట్లాడుకునే ముందు ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

మొదటి వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో పాలసీలు ఇచ్చి వెళ్ళారు. మాకు డయాలిసిస్ యూనిటే లేదు, అందులో డయాలిసిస్ ప్రొసీజర్ ఉంది! జనవరి 2025లో ఎన్‌ఏబీహెచ్ స్టాండర్డ్స్ ఆరో ఎడిషన్ వచ్చేసింది, 100 స్టాండర్డ్స్, వాటి కింద చెక్ చేసే అంశాలు (ఆబ్జెక్టివ్ ఎలిమెంట్స్) 639, వీళ్ళ స్లైడ్లలో ఇంకా పాత ఎడిషన్ 651 అనే ఉంది. ట్రైనింగ్ అంటే కాన్ఫరెన్స్ హాల్లో రెండు గంటలు ఇంగ్లీష్‌లో చదివేయడం, వెనక వరసలో హౌస్‌కీపింగ్ వాళ్ళు కూర్చుని అటెండెన్స్‌లో సంతకం పెట్టి వెళ్ళిపోవడం. అంతా తూతూమంత్రమే. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే పేషెంట్ పక్కన ఎక్కువసేపు ఉండేది వాళ్ళే కదా.

రెండో టీమ్ మొదటి రోజు క్లాసే పెట్టలేదు. ఇద్దరు వచ్చి పొద్దున షిఫ్ట్, నైట్ షిఫ్ట్ రెండూ వార్డుల్లో తిరిగారు, ఏం మాట్లాడకుండా చూశారు. తర్వాత ట్రైనర్ మేడమ్ మా నర్సుల్ని స్టేషన్ దగ్గరే నిలబెట్టి ఒక్క విషయం అడిగింది, మందు ఇచ్చే ముందు పేషెంట్‌ని ఎలా గుర్తుపడతారు అని. పేరు పిలుస్తాం మేడమ్ అన్నారు. సరే అని ఫిమేల్ వార్డుకి తీసుకెళ్ళి, సరిగ్గా వినపడని ఒక పెద్దావిడ దగ్గర నిలబడి, ఆమెది కాని పేరుతో "అమ్మా, లక్ష్మమ్మేనా?" అంది. ఆవిడ "ఆ" అని తలూపింది. నాలుగు బెడ్ల అవతల నిజం లక్ష్మమ్మ పడుకుని ఉంది. మా పిల్లల మొహాలు చూడాలి ఆ నిమిషంలో, ఎవరూ మాట్లాడలేదు. "మీ పేరేంటమ్మా" అని ఆవిడతోనే చెప్పించుకోవాలి, చేతికున్న బ్యాండ్ మీద పేరూ యూహెచ్‌ఐడీ (హాస్పిటల్ ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే నంబర్) రెండూ ఫైల్‌తో చూసుకోవాలి, బెడ్ నంబర్ మాత్రం గుర్తింపు కాదు, అని అప్పుడు చెప్పింది. పదిహేనేళ్ళ నుంచి చేస్తున్నా నేను కూడా "ఫలానా వాళ్ళేనా" అనే అడిగేదాన్ని.

ఫోన్ ఆర్డర్లు కూడా అలాగే నేర్పించారు. డాక్టర్ చెప్పింది రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, ఆయన అవునన్నాకే ఇవ్వాలి. మా వార్డు అల్మారాలో పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్ మామూలు మందుల పక్కనే ఉండేవి, అవి పలచన చేయకుండా నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది, ఆరోజు సాయంత్రానికే వాటిని వార్డుల్లోంచి తీయించారు. చేతులు కడగడం, చెత్త రంగుల బ్యాగులు లాంటివి మాకు ముందే వచ్చు కాబట్టి వాటి మీద టైం వేస్ట్ చేయలేదు, అది కూడా నచ్చింది.

హౌస్‌కీపింగ్ వాళ్ళకి క్లాస్ తెలుగులో, కన్నడలో జరిగింది. రక్తం ఒలికితే ఏం చేయాలో నోటితో చెప్పించలేదు, ఎర్ర రంగు నీళ్ళు నేల మీద పోసి స్పిల్ కిట్ చేతికిచ్చారు. మా దగ్గర కదిరి నుంచి వచ్చిన ఒక అక్క ఉంది, చదువు లేదు, మొదటిసారి గ్లవ్స్ వేసుకోకుండానే గుడ్డ తీసుకుంది. నాలుగోసారికి ముందు బోర్డు పెట్టి, గ్లవ్స్ మాస్క్ వేసుకుని, పేపర్ పరిచి, దాని మీద ఒక శాతం హైపో (హైపోక్లోరైట్ ద్రావణం) పోసి, చెప్పినంతసేపు ఆగి, తీసి పసుపు బ్యాగులో వేసింది. అసెస్‌మెంట్ రోజు అసెసర్ నన్ను దాటుకుని నేరుగా ఆ అక్క దగ్గరికే వెళ్ళి అడిగారు. నోటితో చెప్పడం రాక, "చేసి చూపిస్తా సార్" అని చేసి చూపించింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగా.

లోపాలు లేవని కాదు. నైట్ డ్యూటీ వాళ్ళకి మొదట పొద్దున ఎనిమిదింటికి, డ్యూటీ దిగాక క్లాస్ పెట్టారు, పన్నెండు గంటలు నిలబడి వచ్చిన పిల్లలు కూర్చునే నిద్రపోయారు. గట్టిగా చెప్తే రాత్రి షిఫ్ట్ మొదలయ్యే ముందుకి మార్చారు. డాక్టర్లకి ఒకే సెషన్ పెట్టారు, సగం మంది కన్సల్టెంట్లు రాలేదు, వాళ్ళని ఎలా కూర్చోబెట్టాలో వీళ్ళ దగ్గర కూడా ప్లాన్ లేదు, ఆపరేషన్ థియేటర్లో మొదలుపెట్టే ముందు పేషెంట్ ఎవరు, ఆపరేషన్ ఏంటి అని సరిచూసుకోవడానికి టైమ్ అవుట్ చెప్పేటప్పుడు అందరూ ఆగాలంటే సర్జన్ గారు ముందు ఆగాలి కదా. ఇన్సిడెంట్ రిపోర్టింగ్‌కి ఇంకొంచెం టైం ఇవ్వాల్సింది. తప్పు రాస్తే మెమో వస్తుందన్న భయం మా వాళ్ళలో ఇంకా పోలేదు, సూది గుచ్చుకున్నా దాచుకుంటున్నారు, వెంటనే చెప్తే కదా హెచ్‌ఐవీ రాకుండా మందు మొదలుపెట్టేది, 72 గంటలు దాటితే ఆ మందు ఇచ్చీ లాభం లేదు.

ఫీజు మొదటి వాళ్ళకన్నా ఎక్కువే. మళ్ళీ కొత్త బ్యాచ్ నర్సులు జాయిన్ అయినప్పుడు రమ్మంటే దానికి వేరే ఛార్జ్ అన్నారు, మేనేజ్‌మెంట్‌ని అడిగి ఒప్పించాను, వచ్చే నెల నైట్ షిఫ్ట్ వాళ్ళతోనే మొదలుపెడుతున్నారు.