నీటిమట్టానికి ఏ సెన్సర్: పైన వేలాడేదా, అడుగున మునిగేదా?

పైన వేలాడే అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చే సమయంతో నీటి దూరం కొలుస్తుంది. నీటిని తాకదు, చవక కూడా. కానీ గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 3 మీటర్ల దూరంలో 10 డిగ్రీల తేడాను సవరించకపోతే కొలత సుమారు 5 సెంటీమీటర్లు తప్పుతుంది. పైగా అల వాలు ప్రతిధ్వనిని పక్కకు మళ్లిస్తుంది.

పీడన సెన్సర్ నీటిలోనే ఉంటుంది. 1 మిల్లీబారు పీడనం దాదాపు 1 సెంటీమీటరు నీటికి సమానం. గాలి పీడనాన్ని లెక్కలోంచి తీసివేయాలి. అసలు చిక్కు లోతుతోనే. లోతైన నీటిలో, అల పొడవులో సగం లోతుకు దిగేసరికి దాని పీడన ప్రభావం 4 శాతమే మిగులుతుంది. అంటే చిన్న అలలు కనబడకుండా పోతాయి! సెన్సర్‌ను పైకి తేవాలి, అయినా అల పల్లంలో అది బయటపడకూడదు. సెన్సర్‌కు పట్టే పాచి సంగతి సరేసరి.

నిలకడ నీటికి నేను మొదటిదే వాడతాను. అలలకు మాత్రం రెండోదే.