‘నెట్‌ను లాగేస్తున్న కంప్యూటర్‌ను పట్టిస్తాం’ అనే సాఫ్ట్‌వేర్ కొనేముందు జాగ్రత్త

ఆఫీసులో నెట్ పాకుతోంది, ఏ కంప్యూటర్ వల్లో తేలడం లేదు. ఇలాంటి అవస్థలో ఉన్నవాళ్లకే ఈ సరుకు అంటగడతారు: “ఏదో ఒక పీసీలో వేయండి చాలు, ఆఫీసంతా కనిపిస్తుంది.” నమ్మి లైసెన్సు కొంటే తెర మీద కనిపించేది చాలాసార్లు ఆ ఒక్క పీసీ లెక్కే.

కిటుకు స్విచ్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టెలో ఉంది. పాతకాలపు హబ్ ఒక పోర్టులో వచ్చినదాన్ని అన్ని పోర్టులకూ పంపేది. స్విచ్ మాత్రం ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఏ పోర్టులో ఉందో గుర్తుపెట్టుకుని, ఎవరి ప్యాకెట్ (డేటా ముక్క) వాళ్లకే ఇస్తుంది. పక్క పీసీకి చేరేది బ్రాడ్‌కాస్ట్‌ (అందరికీ కలిపి పంపే కబురు) లాంటి చిల్లర ట్రాఫిక్కే. ప్యాకెట్లు చూపే ఉచిత ప్రోగ్రామ్ వైర్‌షార్క్‌కూ ఇదే హద్దు. డబ్బు కట్టినంత మాత్రాన స్విచ్ తీరు మారదు కదా.

అందరి ట్రాఫిక్కూ చూడాలంటే రౌటర్‌కు వెళ్లే పోర్టును పోర్ట్ మిర్రరింగ్‌తో మరో పోర్టుకు కాపీ చేయాలి. సెట్టింగులు మార్చే వీలులేని అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో ఆ సౌకర్యం ఉండదు. ఈ ముక్క అమ్మేటప్పుడు చెప్పరు, సపోర్టుకు ఫోన్ చేశాక చెబుతారు. మిర్రరింగ్ ఉన్నా, 1 గిగాబిట్ లింకులో రానూపోనూ కలిపితే 2 గిగాబిట్లు; కాపీ అందుకునే పోర్టు 1 గిగాబిట్‌దే అయితే రద్దీ వేళ ప్యాకెట్లు రాలిపోతాయి.

ఇంకో రకం మరీ ప్రమాదం. మిర్రరింగ్ లేకుండానే నిజంగా అందర్నీ చూపిస్తుంది, ఎలాగంటే ఏఆర్‌పీ స్పూఫింగ్‌తో. ‘నేనే గేట్‌వేని (ఇంటర్నెట్‌కు దారిచ్చే రౌటర్‌ని)’ అని మిగతా పీసీలకు అబద్ధం చెప్పి, ఆఫీసు ట్రాఫిక్‌నంతా తన మీదుగా మళ్లిస్తుంది. అసలే నెమ్మదిగా ఉన్న నెట్‌కు ఇది కొత్త ఇరుకు. ఆ పీసీ హఠాత్తుగా ఆగితే అందరికీ కాసేపు నెట్ పోతుంది. పట్టుకోవడం తేలికే: వేరే పీసీలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఏఆర్‌పీ మైనస్ ఏ’ (arp -a) కొట్టి గేట్‌వే మ్యాక్ అడ్రస్ రాసుకోండి. ట్రయల్ నడుస్తుండగా మళ్లీ కొట్టండి. అడ్రస్ మారిందంటే వెంటనే తీసేయండి.

ట్రయల్‌లోనే ఇంకో పరీక్ష పెట్టండి. సాఫ్ట్‌వేర్ లేని పీసీలో పెద్ద ఫైలు, 2 జీబీ దాకా, ఇంటర్నెట్ నుంచి దింపండి. ఆ పీసీ ఐపీ అడ్రస్ జాబితాలో పైకి రాకపోతే కొనకండి. ఆఫీసులోనే ఒక పీసీ నుంచి ఇంకోదానికి కాపీ చేసి మాత్రం తీర్పు చెప్పొద్దు. ఆ ట్రాఫిక్ రౌటర్ దాకా వెళ్లదు కాబట్టి, రౌటర్ నుంచి లెక్క తీసుకునే మంచి సాధనానికి కూడా అది కనిపించదు.

సాఫ్ట్‌వేర్ ఎస్‌ఎన్‌ఎమ్‌పీతో (నెట్‌వర్క్ పరికరాల నుంచి లెక్కలు అడిగే పద్ధతి) స్విచ్ పోర్టుల లెక్క చదువుతుందంటే 64 బిట్ కౌంటర్లు చదువుతుందో లేదో అడగండి. నిండుగా నడిచే గిగాబిట్ పోర్టులో 32 బిట్ కౌంటర్ సుమారు 34 సెకన్లకే తిరిగి సున్నాకు వస్తుంది. నిమిషానికోసారి చదివితే చూపేది తప్పు అంకె. లైసెన్సు లెక్క కూడా చూసుకోండి: పోర్టుకో సెన్సర్ (లైసెన్సులో లెక్కకు వచ్చే ఒక్కో అంశం) చొప్పున లెక్కేస్తే 24 పోర్టుల స్విచ్ ఒక్కటే 24 సెన్సర్లు మింగుతుంది.

అసలు కొనకముందే రౌటర్ అడ్మిన్ పేజీ తెరవండి. కొన్ని రౌటర్లలో ఏ ఐపీ ఎంత వాడుతోందో అక్కడే ఉంటుంది. డౌన్‌లోడ్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఏదో పీసీ క్లౌడ్ బ్యాకప్‌తో అప్‌లోడ్ నింపేస్తే మిగతావాళ్ల డౌన్‌లోడ్లూ కుంటుతాయి, ఎందుకంటే అందినట్టు తిరిగి పంపాల్సిన కబురు కూడా ఆ క్యూలోనే నిలబడాలి. అనుమానం ఉన్న పీసీలో విండోస్ రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఏ ప్రోగ్రామో పేరుతో సహా దొరుకుతుంది. రౌటర్ పేజీలో ఏమీ లేకపోతే స్విచ్ దగ్గర ఒక్కో కేబుల్ తీసి, ఇంటర్నెట్‌లోని ఏదైనా అడ్రస్‌కు పింగ్ (వెళ్లి తిరిగి వచ్చే) సమయం ఎప్పుడు దిగుతుందో చూడండి. మోటుపద్ధతే, కానీ పని చేస్తుంది.

స్విచ్ లైట్లన్నీ ఒకే లయలో ఆగకుండా మిణుకుతుంటే ముందు లూప్‌ను అనుమానించండి: ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో గుచ్చి ఉండొచ్చు. గిగాబిట్ లింకు 100 మెగాబిట్లకు పడిపోతే కేబుల్‌లోని నాలుగు జతల్లో ఏదో తెగి ఉండొచ్చు. 100కు రెండు జతలే చాలు. ఈ రెండింటిలోనూ దోషి కంప్యూటర్ కాదు, అయినా ఆ సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరి పేరు పైన చూపిస్తూనే ఉంటుంది.